విహారయాత్ర అన్న పెద్దలకు

ప్రపంచ యువజన దినోత్సవాలకు మన పిల్లలను పంపడం దండుగ అని వాదించే పెద్దలు మన కతోలిక విచారణలలో ఎక్కువయ్యారు. ఈ వాదాన్ని నేను మూడు నాలుగు చోట్ల విన్నాను. చెప్పే నోరు మారింది గాని చెప్పిన మాట మారలేదు. "అది భక్తి కాదండీ, విహారయాత్ర. మనిషికి లక్షల ఖర్చు. పోయినవాడు పోయినట్టు తిరిగి రాడు, తలపొగరుతో వస్తాడు." ఈ మూడింటిలో మొదటి రెండూ పైకి చెప్పుకొనే కారణాలనీ, మూడవదే అసలు కారణమనీ నా అభిప్రాయం. కనుక మొదటి రెంటికీ తగినంత సమాధానం చెప్పి, మూడవదాని దగ్గర కొంచెంసేపు నిలబడతాను.

ఈ దినోత్సవాల సంగతి ఎరుగని చదువరుల కోసం కొంత చెప్పాలి. 1984లో మ్రానికొమ్మల ఆదివారానికి రోముకు రమ్మని పోపు రెండవ జాన్ పాల్ యువతను పిలిచారు. ఆ ఏడు పాస్కా పండుగ నాడు సుమారు పన్నెండడుగుల కొయ్య సిలువ నొకదానిని వారి చేతికిచ్చి, దేశదేశాలు తిప్పమన్నారు. మరుసటి ఏడు, అనగా 1985, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ యువజన సంవత్సరం. అప్పుడు మళ్లీ పిలిచారు, మళ్లీ వచ్చారు. ఆ సంవత్సరం చివరకు ఇది ఏటేటా జరగవలసిన ఉత్సవంగా స్థిరపడింది. 1987లో బ్యూనస్ ఎయిరెస్ మొదలుకొని రెండు మూడేళ్లకొకసారి ఏదో ఒక దేశంలో పెద్ద సమావేశం జరుగుతూ వస్తున్నది. 1995లో మనీలాలో 40, 50 లక్షలమంది చేరారని అంచనా. 2023లో లిస్బన్‌లో, కోవిడ్ కారణంగా ఒక ఏడాది ఆలస్యంగా జరిగినప్పుడు, టెజో నది ఒడ్డున జరిగిన చివరి పూజకు 15 లక్షలమంది వచ్చారన్నారు. రాబోయేది సియోల్‌లో, 2027 ఆగస్టు 3 నుండి 8 వరకు.

ఇక విహారం మాట. పెద్దలు దానిని నిందగా వాడారు. నాబోటి పాతకాలపు తెలుగు పండితుడి చెవికి అది నిందగా వినపడదు. అమరావతిలోను, నాగార్జునకొండలోను, శాలిహుండంలోను ఒకనాడు ఉన్నవి విహారాలే గదా! భిక్షువులు వానకాలంలో తలదాచుకొని ధ్యానం చేసుకొన్న చోట్లవి. సరే, మాటలతో ఆట వద్దంటారు. అయితే వారు మెచ్చుకొనే తీర్థయాత్ర అనే మాటనే తీసుకుందాం. తీర్థ శబ్దానికి మూలం తృ ధాతువు, దాటడం దాని అర్థం. ఏటిని దాటడానికి దిగే రేవు తీర్థం. కాబట్టి యాత్రికుణ్ణి మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే. నీవు దేనినైనా దాటావా, లేక ఒడ్డున నిలిచి ఫోటో తీసుకొని వచ్చావా? ఒడ్డున ఫోటో తీసుకొని వచ్చేవారు లూర్దుకు పోయినవారిలోను ఉన్నారు, వేళాంగణికి పోయినవారిలోను ఉన్నారు, ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కేవారిలోను ఉన్నారు. వారిని చూపి గుణదల తిరునాళ్లను మానేయమని ఎవరూ అనలేదు.

నేను పాఠం చెప్పిన పిల్లవాడొకడు లిస్బన్‌కు పోయి వచ్చాడు. పల్నాటి సీమలో ఒక విచారణకు చెందినవాడు, ఊరికి దిగువన పేటలో ఇల్లు, తల్లిదండ్రులు మిరపకోతలకు పోయే కూలీలు. పేరు చెప్పను, చెబితే అతనికి ఒనగూడే మేలు లేదు. మేత్రాసనం జాబితాలో ఒకరు చివరి నిమిషంలో మానుకొంటే ఆ స్థానంలో ఇతనికి అవకాశం వచ్చింది. తల్లి డ్వాక్రా సంఘంలో తెచ్చిన అప్పు, మేనమామ ఇచ్చింది, నాబోటి ముసలివాళ్లు నలుగురు చేసిన సాయం కలిపి పంపాము. తిరిగి వచ్చాక మా అరుగుమీద కూర్చుని రెండు సాయంత్రాలు చెప్పాడు. అతడు చెప్పినదానిలో పోపుగారి మాట చాలా కొంచెం. అంత దూరంనుండి ఆయన గోరంత తెల్లచుక్క, మిగిలినదంతా తెరమీద బొమ్మ. చెప్పినదంతా కాళ్లు, ఆకలి, నిద్ర, ఇతరుల ఇళ్లు.

మొదటి వారం లిస్బన్‌లో కాదు. దినోత్సవాలకు ముందు వచ్చినవారిని ఆ దేశపు మేత్రాసనాలన్నిటికీ పంచి, స్థానిక కుటుంబాలలో ఉంచే ఆనవాయితీ ఒకటి ఉన్నది. ఇతనికి ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఒక ముసలమ్మ ఇల్లు దొరికింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఇతనికి పోర్చుగీసు రాదు. మొదటి రాత్రి భోజనం కాగానే ఆమె జపమాల తీసింది. ఆమె మంగళవార్త జపం మొదటి సగం తన భాషలో చెప్పి ఆగితే, ఇతడు రెండవ సగం తెలుగులో అందుకొన్నాడు. యాభై మూడు పూసలూ అలాగే నడిచాయట. "ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు, ఎక్కడ ఎత్తుకోవాలో నాకు తెలుసు మాస్టారూ" అన్నాడు. ఛందస్సు తెలిసినవారికి యతిస్థానం ఎంత గట్టి సంగతో చెప్పనక్కరలేదు. ఆ ముసలమ్మ ఏ గణాలూ చదువుకోకుండానే పట్టుకొన్నది.

కాని అతనికి జపమాలకంటె పెద్దదైన సంగతి దానికి కొంచెం ముందే జరిగింది. తిన్న కంచం తీసుకొని కడుక్కోవడానికి లేచాడు. మన పేటపిల్లవాడు పైవీధి ఇంట్లో ఎప్పుడైనా తినవలసి వస్తే తన కంచం తానే కడిగి, బోర్లించి, వేరే చోట పెట్టి రావాలి. అది ఎవరూ చెప్పరు, చెప్పనవసరం లేనంతగా చేతికి అలవాటై ఉంటుంది. అలవాటు చొప్పున లేచాడు. ఆ ముసలమ్మ అతని చేతిలోది లాక్కొని, తన ఎంగిలి కంచం కింద పెట్టుకొని, రెండూ ఒకే తొట్టిలో ఒకే గుడ్డతో తోమింది. ఆమెకు అందులో విశేషమేమీ లేదు, ఏమి చేసిందో కూడా తెలియదు. ఇతడు వరండాలోకి పోయి చాలాసేపు నిలబడ్డాడట. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం నా ముఖం చూడకుండా చెప్పాడు.

పెద్దలారా, ఇది విహారమా?

లిస్బన్ సంగతులు క్లుప్తంగా చెబుతాను. మండుటెండలో మూటాముల్లె వీపున వేసుకొని కిలోమీటర్ల కొద్దీ నడిచి పార్కె టెజోకు చేరడం, అక్కడ ఆరుబయట నేలమీద పడుకోవడం, నీళ్ల కుళాయి దగ్గర గంటల వరుస. తెల్లవారుతుండగా పోర్చుగీసు ఫాదరు ఒకాయన, గిల్యెర్మె పెయిషోటో, డీజే పెట్టెలు పెట్టి దద్దరిల్లే సంగీతంతో లక్షలమందిని నిద్ర లేపాడు. ఆ వీడియో మన పెద్దలందరి ఫోనులలోనూ ఉన్నది, వారి వాదానికి అదే ఆధారం. అంతకుముందు రాత్రి దివ్యసత్ప్రసాద ఆరాధనలో అదే మైదానం మోకాళ్లమీద నిశ్శబ్దంగా ఉండిపోయిన సంగతి ఎవరి ఫోనులోనూ లేదు. నిశ్శబ్దాన్ని వీడియో తీసి ఎవరికి పంపుతారు? 2011లో మాడ్రిడ్‌లోనూ ఇంతే. గాలివాన వచ్చి డేరాలు కూలాయి, పోపు పదహారవ బెనెడిక్టు ప్రసంగం మధ్యలో ఆగింది, మరునాడు చాలామందికి సత్ప్రసాదం కూడా అందలేదు. అయినా వాన వెలిసిన తర్వాత ఆ బురదలో సాగిన మౌనారాధనను అక్కడ ఉన్నవారు నేటికీ చెప్పుకొంటారు.

బెలెం ప్రాంతంలో వాస్కో డ గామా పేరు పెట్టిన తోట ఒకటి ఉన్నది. అక్కడ 150 పాపసంకీర్తన పీఠాలు వేశారు. వాటిని చేసినవారు ఆ దేశపు చెరసాలలలోని ఖైదీలు. 1497లో గామా ఓడలు బయలుదేరింది ఆ తీరంనుండే. ఆయన సమాధి ఆ పక్కనే జెరోనిమోస్ మఠంలో ఉన్నది. మిరియాల కోసం మన దేశానికి దారి వెదికినవాడి తోటలో, ఖైదీలు చేసిన బల్లమీద, పల్నాటి మిరపకోతల కూలీ కొడుకు బ్రెజిలు ఫాదరు దగ్గర పాపసంకీర్తనం చేసుకొన్నాడు. ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషేనట. "ఆయనకు నా పాపాలు సగమే అర్థమై ఉంటాయి మాస్టారూ, క్షమాపణ మాత్రం మొత్తం ఇచ్చేశాడు" అని నవ్వాడు.

రెండవ అభ్యంతరం, ఖర్చు. దీనిని నేను తోసిపుచ్చను. లిస్బన్‌లో బలిపీఠపు వేదికకు మొదట అనుకొన్న వ్యయం 40 లక్షల యూరోలకు పైమాట. ప్రజలు మండిపడ్డారు. చివరకు దానిని 29 లక్షలకు తగ్గించారు. బోర్డాలో రెండవవాడు అనే పేరుతో ప్రసిద్ధుడైన వీధి చిత్రకారుడు ఒకడు, ఉత్సవాలకు కొద్దిరోజుల ముందు, ఆ వేదిక మెట్లమీద 500 యూరోల నోట్ల బొమ్మలతో తివాచీ పరచి వచ్చాడు. నన్నడిగితే ఆ తివాచీ కూడా ఒక ప్రసంగమే. 2008లో సిడ్నీలో అక్కడి రాష్ట్రప్రభుత్వం ఇంకొక అడుగు ముందుకు వేసి, యాత్రికులకు చికాకు కలిగించినవారికి 5,500 డాలర్ల వరకు జరిమానా అని నిబంధన తెచ్చింది. ఫెడరల్ న్యాయస్థానం ఆ చికాకు భాగాన్ని కొట్టివేసింది, మంచి పని చేసింది. ఎదుటివాడి నోరు మూయించి జరుపుకొనే ప్రార్థన ఎవరికి చేరుతుంది?

అయితే ఖర్చు మాట ఎత్తిన పెద్దలు దానిని అన్నిచోట్లా ఎత్తాలి. మన విచారణ పండుగనాటి విద్యుద్దీపాల తోరణాలు, బాణసంచా, రెండు జతల బ్యాండు మేళం, మంత్రులకు కప్పే శాలువలు, అడుగడుగున ఫ్లెక్సీలు, వీటికి చందా పట్టీ పట్టుకొని తిరిగేది వారే. ఆ పట్టీలో పేటవారి పేర్లు కూడా ఉంటాయి. ఒక కుర్రవాడి ప్రయాణానికి అయిన రెండు లక్షల చిల్లరను అణాపైసలతో లెక్క అడిగిన నోరు, ఒక రాత్రి కాల్చిన బాణసంచాను గురించి ఏనాడూ అడగలేదు. పైగా ఆ రెండు లక్షలలో విచారణ ఇచ్చింది శూన్యం.

ఇప్పుడు మూడవది. తలపొగరు.

ఆ పిల్లవాడు చేసిన ఘోరం ఏమిటో చెబుతాను. తిరిగి వచ్చిన రెండు నెలలకు పండుగ ఏర్పాట్ల సమావేశం జరిగింది. అతణ్ణి యాత్రానుభవం చెప్పమన్నారు. చెప్పాడు. చివర ఒక ప్రశ్న అడిగాడు. "మరియమాత తేరు పైవీధులన్నీ తిరుగుతుంది గదండీ, మా పేటలోకి ఎందుకు రాదు?" అంతే. కేక వేయలేదు, బల్ల గుద్దలేదు. సందు ఇరుకని ఒకరు, కరెంటు తీగలు అడ్డమని ఒకరు, ఆనవాయితీ లేదని ఒకరు చెప్పారు. తేరుకంటె వెడల్పైన మిరపకాయల లారీలు ఆ సందులోనుంచే పోతాయని ఇతడన్నాడు. అప్పటినుండి ఇతడు తలపొగరువాడైనాడు. లిస్బన్ విహారయాత్ర అయినది కూడా అప్పుడే. అంతకుముందు వారం దాకా అది "మన విచారణకు గర్వకారణం" అని పూజలో ప్రకటించిన యాత్రే.

మన చరిత్ర కొంత తెలిస్తే ఈ కోపం అర్థమవుతుంది. తెలుగునాట కతోలిక విశ్వాసం లోతట్టు ఊళ్లకు చేరింది 18వ శతాబ్ది తొలినాళ్లలో, ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషను వల్ల. పుంగనూరు వంటి చోట్ల నిలిచి, ఈ దేశపు సన్న్యాసుల వేషభాషలు స్వీకరించి, పైకులాలవారిని ఆకర్షించాలని వారు ప్రయత్నించారు. ఆనాడు విశ్వాసం పుచ్చుకొన్న రెడ్డి కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు ప్రాంతానికి వలసవచ్చాయి. మాల, మాదిగ పేటలు పెద్ద సంఖ్యలో శ్రీసభలో చేరడం 19వ శతాబ్దిలోను, ఆ తర్వాతను జరిగింది. రెండు వేర్వేరు కాలాలలో, రెండు వేర్వేరు ద్వారాల గుండా వచ్చినవారు ఒకే గుడిలో కూర్చున్నారు. మధ్యలో నడవ అట్లాగే మిగిలింది. ప్రభుత్వపు ధ్రువపత్రంలో అతని కుటుంబం బి.సి.-సి. క్రీస్తు విశ్వాసం పుచ్చుకొన్నందుకు షెడ్యూల్డు కులాల జాబితా వారిని వదిలింది. కులం మాత్రం వదలలేదు.

ఈ మాటలు నేను కల్పించి అంటున్నవి కావు. 2003 నవంబరులో తమిళనాడు పీఠాధిపతులు రోముకు పోయినప్పుడు, కులభేదాన్ని పాటించడం క్రైస్తవానికి విరుద్ధమని పోపు రెండవ జాన్ పాల్ వారి ముఖంమీదనే చెప్పారు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారతపై ఒక విధానపత్రం ప్రకటించి, శ్రీసభ లోపల అంటరానితనం ఉన్నదని ఒప్పుకొన్నది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు, భారతదేశపు దళితులలోనూ ఆయనే మొదటివారు. 2025 మే నెలలో పద్నాలుగవ లియోను ఎన్నుకొన్న సభలో ఆయన కూర్చున్నారు. ఆనాడు మా ప్రాంతంలో వెలసిన ఫ్లెక్సీలు ఎన్ననుకున్నారు! పైవీధి పెద్దల చేతులు జోడించిన ఫోటోలతో సహా. కార్డినల్‌గారి ఫోటోకు దండ వేసిన చేతులకు, ఆయన పుట్టినటువంటి పేటలోకి మరియమాత తేరును తోలడానికి బలం చాలలేదు.

ఇక్కడ ఒక ఎదురువాదం ఉన్నది, దానిని దాచడం న్యాయం కాదు. "ఊరు కాని ఊళ్లో ఆరు రోజులు అందరినీ సమానంగా చూడటం ఏమంత కష్టం? అక్కడివారి పాపాలు వారికి లేవా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఉన్నాయి. లిస్బన్‌లో ఆ వారమే వీధుల్లో పెద్ద ఫలకాలు వెలిశాయి. పోర్చుగల్ శ్రీసభలో 4,800 మందికి పైగా పిల్లలు లైంగిక దురాగతాలకు గురయ్యారని వాటిలో రాసి ఉన్నది. అది గాలిమాట కాదు. అక్కడి పీఠాధిపతులే నియమించిన స్వతంత్ర సంఘం 2023 ఫిబ్రవరిలో, 1950 తర్వాతి కాలానికి, కనీసం 4,815 మంది అని వేసిన అంచనా అది. మా పిల్లవాడు ఆ ఫలకం చూశాడు. ఆ రాత్రే నాకు ఫోను చేసి, "ఇక్కడ ఇది కూడా ఉన్నది మాస్టారూ" అన్నాడు. పోపు ఫ్రాన్సిస్ ఆ వారంలో 13 మంది బాధితులను కలుసుకొన్నారు. చూడండి, విహారానికి పోయినవాడు అలాంటి ఫలకం ముందు నిలబడి చదవడు. గుర్తు పెట్టుకొని ఫోను చేయడు. తన ఇంటి గొప్పను చూసి మురిసినవాడే తన ఇంటి మురికిని కూడా చూశాడు. ఆ చూపునే మనవారు తలపొగరు అంటున్నారు.

ఇంకొకటి కూడా ఉన్నది. ఈ సమావేశాల వల్ల గుళ్లు నిండుతాయని నిర్వాహకులు లెక్కలు చూపి చంకలు కొట్టుకొంటారు. నాకు ఆ లెక్కలమీద నమ్మకం లేదు. మా పిల్లవాడు బ్యాంకు ఋణంతో జర్మనీకి చదువుకు పోయాడు. 2025 ఆగస్టులో అక్కడినుండి బస్సులో రోముకు పోయి, జూబిలీ సంవత్సరపు యువజనోత్సవంలో, టోర్ వెర్గాటా మైదానంలో, పది లక్షలమందిలో ఒకడుగా పడుకొన్నాడు. 2000లో రెండవ జాన్ పాల్ యువతను కలుసుకొన్న మైదానం అదే. ఈసారి పోపు లియో యువత అడిగిన ప్రశ్నలకు మూడు భాషలలో సమాధానం చెప్పారు. యాత్రకు వచ్చి మరణించిన ఇద్దరు అమ్మాయిల కోసం ఆ మైదానమంతా ప్రార్థించింది. మరుసటి ఆదివారం ఇతడు తాను చదివే ఊరి గుడికి పోతే, పూజలో ఉన్నది ఇరవై మంది, అందరూ ఊతకర్రలవారే. పది లక్షలలో ఆ ఊరి వాటా ఎక్కడికి పోయింది? నాకు తెలిసి ఈ ప్రశ్నకు సరైన సమాధానం ఎవరూ చెప్పలేదు. కాని వానపడ్డ ప్రతిచోటా పంట పండలేదని వాననే తప్పుపట్టే రైతు ఉండడు. దుక్కి దున్నవలసినది ఊళ్లో, విచారణలో. ఆ పని చేయనివారే వచ్చినవాణ్ణి పట్టుకొని "నీ యాత్ర వల్ల ఏమి ఒరిగింది" అని అడుగుతున్నారు.

కతోలిక అనే గ్రీకు మాటకు అర్థం సార్వత్రికమైనది అని. ఈ అర్థాన్ని పాఠంగా వల్లెవేయించిన ఉపదేశులున్నారు మనకు. కంటితో చూసినవారు ఎందరు? పేటలో పుట్టి, పేట శ్మశానంలోనే పూడ్చబోయేవాడికి, తన విశ్వాసం పేటకంటె పెద్దదని ఎవరు చూపించాలి? లిస్బన్ స్వాగతసభలో పోపు ఫ్రాన్సిస్ "అందరూ" అనే ఒక్క మాటను పదేపదే అనిపించారు. వ్యాకరణంలో దానిని ఆమ్రేడితం అంటాం. అందరూ, అందరూ, అందరూ. ఆ మాట విన్నవాడు తిరిగి వచ్చి, ఆ అందరిలో మేమున్నామా అని అడిగితే, అది వినయంలేమి ఎట్లా అవుతుంది?

నా తగవంతా మన పెద్దలతోనే కాదు, పంపేవారి పద్ధతితో కూడా. ఇంగ్లీషు వచ్చి ఉండాలి, పాస్‌పోర్టు ముందే ఉండాలి, సొంత ఖర్చు పెట్టుకోవాలి, బ్యాంకులో నిల్వ చూపాలి అని నిబంధనలు పెడితే ఎవరు పోతారు? ఎటూ పోగలవారే పోతారు. వారికి పారిస్, రోము చూపించడానికి తల్లిదండ్రులే ఉన్నారు. వీసా కార్యాలయం అడిగే బ్యాంకు పత్రాన్ని మేత్రాసనం మార్చలేదు, నిజమే. పేదపిల్లవాడి తరఫున హామీపత్రం ఇవ్వవచ్చు గదా? సంపన్న దేశాల యాత్రికులు కట్టే రుసుములో కొంత తీసి పేదదేశాలవారి కోసం సంఘీభావ నిధి ఉంచడం ఈ దినోత్సవాలలో వాడుక. దానిని అడిగేవారు కావాలి. అడగవలసినవారు మన పేటపిల్లల పేర్లు జాబితాలో ఉంటే గదా అడగడానికి! ఇంగ్లీషు రాదన్న అభ్యంతరానికి పోర్చుగీసు ముసలమ్మ జపమాలే సమాధానం.

సియోల్ సంగతి ఎత్తాను గనుక ఒక చరిత్ర చెప్పాలి. కొరియాలో శ్రీసభను మొదలుపెట్టినది విదేశీ గురువులు కాదు, పుస్తకాలు చదివి విశ్వాసం పొందిన ఆ దేశపు పండితులే. వారిలో ఒకరు 1784లో బీజింగుకు పోయి జ్ఞానస్నానం పొంది వచ్చారు. వారిలో చాలామంది యాంగ్‌బాన్ అనే ఉన్నతవంశాలవారు. ఆ దేశంలోనూ కసాయి పనిచేసే బెక్‌జోంగ్ అనే వర్గంవారు అంటరానివారు, ఊరికి వెలుపలివారు. అటువంటి కుటుంబంలో పుట్టిన హ్వాంగ్ ఇల్‌గ్వాంగ్ అనే ఆయన విశ్వాసం పొంది ఆ పండితుల నడుమకు వచ్చాడు. వారు తమ చాపమీదనే కూర్చోబెట్టుకొన్నారు. తనకు స్వర్గాలు రెండున్నాయని ఆయన అనేవాడట. చనిపోయిన తర్వాత వచ్చేది ఒకటి. తన పుట్టుక తెలిసి కూడా తనను మనిషిగా చూస్తున్న వీరి నడుమ ఇప్పుడున్నది మరొకటి. 1802లో ఆయన తల నరికారు. 2014 ఆగస్టు 16న సియోల్ నడిబొడ్డున పోపు ఫ్రాన్సిస్ ధన్యులుగా ప్రకటించిన 124 మంది హతసాక్షులలో ఆయన ఒకరు.

ఈ కథ మా పిల్లవాడికి ఫోనులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, జర్మనీలో వారాంతపు పనిలో వచ్చే జీతంలో కొంత ఈ నెలనుండే పక్కన పెడతానన్నాడు. తన కోసం కాదట. పేటలో ఇంటరు చదివే ఇద్దరు మగపిల్లలు, నర్సింగు చదివే ఒక ఆడపిల్ల, ముగ్గురి చేత పాస్‌పోర్టులకు అర్జీ పెట్టించాడు. పోలీసు విచారణ అయినది. ఆ అమ్మాయి కొరియా భాషలో నమస్కారం ఎట్లా చెప్పాలో ఫోనులో చూసి నేర్చుకొని మొన్న మా ఇంటికి వచ్చి చెప్పి చూపింది. విచారణనుండి పంపవలసినవారి జాబితాను సలహాసంఘం వచ్చే నెలలో తయారు చేస్తుంది. సంఘంలో పదకొండుగురు సభ్యులు. పేటనుండి ఒక్కరూ లేరు.